డిగ్రీ ఒకరిది, ఫెలోషిప్ ఒకరిది, కెమికల్స్ ఇంకొకరివి: జీవశాస్త్ర పీహెచ్‌డీ లోపలి లెక్కలు

ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో జువాలజీయో పూర్తి చేసి పీహెచ్‌డీ వైపు చూసే విద్యార్థి ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ యూనివర్సిటీలో చేరితే మంచిది? దానికి సీనియర్లు, అధ్యాపకులు చెప్పే జవాబులు ర్యాంకుల చుట్టూ, పేర్ల చుట్టూ తిరుగుతాయి. చేరిన రెండేళ్లకు అదే విద్యార్థి అడిగే ప్రశ్నలు మాత్రం వేరే రకంగా ఉంటాయి. ఆర్డరు పెట్టిన ఎంజైము మూడు నెలలైనా ఎందుకు రాలేదు, డిపార్ట్‌మెంటులో లేజర్ వెలుగుతో కణాలను చూపించే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఉన్నా ఆ గదికి తాళం ఎందుకు ఉంటుంది, గైడ్ ప్రాజెక్టు ముగిసిపోయాక కెమికల్స్ ఎవరు కొంటారు, ఫెలోషిప్ ఐదేళ్లతో ఆగిపోతే ఆరో ఏడు ఎలా గడవాలి? వీటికి జవాబు యూనివర్సిటీ పేరులో దొరకదు.

బయటి నుంచి చూసేవారికి పీహెచ్‌డీ ఒకే సంస్థ మొదలుపెట్టి ముగించే చదువులా కనిపిస్తుంది. మన దేశంలో జీవశాస్త్ర పీహెచ్‌డీ నిజానికి కనీసం నాలుగు వేర్వేరు ఏర్పాట్ల మీద నడుస్తుంది. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, దాని నియమాలు రాసేది విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమైన యూజీసీ. నెలనెలా విద్యార్థి ఖాతాలో పడే ఫెలోషిప్ కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌దో, యూజీసీదో, కేంద్ర బయోటెక్నాలజీ విభాగమైన డీబీటీదో అయి ఉంటుంది. రసాయనాలు, ఎంజైములు, ప్లాస్టిక్ సామాను గైడ్ తెచ్చుకున్న ప్రాజెక్టు డబ్బుతో వస్తాయి. లక్షలు, కోట్లు చేసే పరికరాలు డిపార్ట్‌మెంటుకో యూనివర్సిటీకో విడిగా మంజూరైన గ్రాంటుతో వస్తాయి. అయితే వాటి కరెంటు బిల్లు, మరమ్మతు ఖర్చు, నడిపే మనిషి జీతం యూనివర్సిటీ సొంత బడ్జెట్ మీద పడతాయి. ఈ నాలుగింటికీ నాలుగు క్యాలెండర్లు ఉన్నాయి, ఒకదాని గడువుతో ఇంకొకదానికి పని లేదు. పీహెచ్‌డీలు ఏళ్ల తరబడి సాగడానికి విద్యార్థి బద్ధకమో గైడ్ అలసత్వమో కారణమని తేల్చేసే ముందు ఈ క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

డిగ్రీ క్యాలెండర్ వీటన్నిటిలోకీ సులువుగా అర్థమయ్యేది. 2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన నిబంధనల ప్రకారం కోర్సువర్కుతో కలిపి పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది గానీ మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రతి సెమిస్టర్‌లో విద్యార్థి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నిలబడి, చేసిన పని చూపించాలి. థీసిస్ సమర్పించే ముందు జర్నల్‌లో పేపర్ తప్పనిసరి అన్న పాత షరతు ఈ నిబంధనల్లో పోయింది. జీవశాస్త్రంలో ఈ మార్పు విలువ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ పేపర్ పంపిన తర్వాత సమీక్షకులు అడిగే ఒక్క అదనపు ప్రయోగానికి ఆరు నెలలు పట్టవచ్చు. ఇవే నిబంధనల్లో ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదన్న పరిమితి ఉంది. పరిమితి సబబైనదే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయినప్పుడు మాత్రం దాని ఫలితం సీట్ల మీద కనిపిస్తుంది: ప్రొఫెసర్లు రిటైరవుతుంటారు, కొత్తవారు రారు, భవనమూ పరికరాలూ ఉన్నా విద్యార్థిని తీసుకునే గైడ్ ఉండరు.

ఫెలోషిప్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 2024–25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్ స్కోరును వాడుకోవచ్చని యూజీసీ ప్రకటించడంతో, ఒకే పరీక్ష రాసినవారు మూడు వర్గాలుగా విడిపోతున్నారు: జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులైనవారు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులైనవారు. వీరిలో నెల నెలా డబ్బు వచ్చేది మొదటి వర్గానికే. చివరి రెండు వర్గాలకు ప్రవేశంలో పరీక్ష మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. జీవశాస్త్రంలో ఈ పరీక్షను సీఎస్‌ఐఆర్ తరఫున జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. 200 మార్కుల లైఫ్ సైన్సెస్ పేపర్లో సగం మార్కులు చివరి భాగానివే. అక్కడ 75 ప్రశ్నల నుంచి 25 ఎంచుకోవాలి, ఒక్కోదానికి నాలుగు మార్కులు. వృక్ష శరీరధర్మం నుంచి రోగనిరోధక శాస్త్రం దాకా, జీవపరిణామం నుంచి ప్రయోగ పద్ధతుల దాకా అన్నీ ఒకే పేపర్లో వస్తాయి కాబట్టి, ఎమ్మెస్సీలో ఏ శాఖ చదివినా మిగతావి సొంతంగా చదువుకోక తప్పదు. ప్రవేశాన్ని ఒక జాతీయ పరీక్షకు ముడివేస్తే దానికి పట్టే తుప్పు ప్రవేశానికీ పడుతుంది. 2024 జూన్‌లో జరగవలసిన సీఎస్‌ఐఆర్ నెట్ వాయిదా పడి జులై చివరి వారంలో జరిగినప్పుడు, ఆ స్కోర్ల కోసం ఎదురుచూస్తున్న ప్రవేశాలూ వెనక్కి జరగక తప్పలేదు.

జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత కమిటీ సమీక్షలో నెగ్గితే సీనియర్ ఫెలోగా 42,000. హాస్టల్ లేనివారికి ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం వేరుగా వస్తుంది. మొత్తం కాలం ఐదేళ్లు. సీఎస్‌ఐఆర్ ఫెలోలకు ఏటా 20,000 రూపాయల కంటింజెన్సీ కూడా ఉంటుంది. ఆ మొత్తం పుస్తకాలకు, చిన్నచిన్న కొనుగోళ్లకు, ఒక సదస్సు ప్రయాణానికి సరిపోతుందేమో గానీ ప్రయోగాలకు సరిపోదు. జేఆర్‌ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 రూపాయలు వస్తాయి, పదేళ్లకు పైగా ఆ అంకె కదలలేదు. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ ఏర్పాటు కూడా లేదు. అక్కడి విద్యార్థి సామాజిక వర్గాలవారీ జాతీయ ఫెలోషిప్పుల మీదో, గైడ్ ప్రాజెక్టులో దొరికే ఉద్యోగం మీదో, బయట కాలేజీలో పాఠాలు చెప్పుకునే పని మీదో ఆధారపడతారు. ఒకే ల్యాబులో ఒకే బల్ల మీద పనిచేస్తున్న ఇద్దరిలో ఒకరికి 37,000, ఇంకొకరికి 8,000 రావడం మామూలైపోయింది. పని గంటలు, థీసిస్ ప్రమాణాలు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ తేడాను యూనివర్సిటీలు సర్దుబాటు చేయలేవు, ఎందుకంటే ఆ డబ్బు వాటి చేతిలో లేదు.

ఇక ప్రయోగాల ఖర్చు. జీవశాస్త్రం మిగతా శాస్త్రాల నుంచి వేరుపడేది ఇక్కడే. గణితంలో, సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో ఫెలోషిప్, లైబ్రరీ, మంచి గైడ్ ఉంటే పని సాగిపోతుంది. కణజీవశాస్త్రంలో ప్రతి ప్రయోగమూ కొన్నిటిని ఖర్చు చేసేస్తుంది: పెట్రీ డిష్‌లు, పైపెట్ టిప్పులు, ఎంజైములు, కణాలు పెంచే మీడియా, అందులో కలిపే పశుపిండ సీరం. వీటికి డబ్బు గైడ్ గెలుచుకున్న ప్రాజెక్టు నుంచే రావాలి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ అంతకుముందు ప్రాజెక్టులు ఇచ్చిన సెర్బ్ అనే బోర్డును తనలో కలుపుకుంది. దానితో పాటు డీబీటీ, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, సీఎస్‌ఐఆర్ కూడా ఇలాంటి ప్రాజెక్టులు ఇస్తాయి. ప్రాజెక్టు కాలం సాధారణంగా మూడేళ్లు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. కాబట్టి ప్రాజెక్టు మొదటి రోజునే విద్యార్థి చేరినా చివరి రెండు మూడేళ్లకు ఇంకో ప్రాజెక్టు కావాలి. ప్రాజెక్టు రెండో ఏట చేరితే పరిస్థితి ఇంకా ఇరుకు: మొదటి ఏడాది కోర్సువర్కుతో, టెక్నిక్‌లు నేర్చుకోవడంతో గడిచి, సొంత ప్రయోగాలు ఊపందుకునే వేళకు డబ్బు ముగుస్తుంది. పైగా మంజూరైన డబ్బు ఒకేసారి రాదు. ఒక విడత ఖర్చు పెట్టి, వినియోగ పత్రం సమర్పించాక తర్వాతి విడత కదులుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి ఖర్చు కాని మొత్తం వెనక్కి పోయే పద్ధతి వచ్చాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ల్యాబులన్నీ ఒక్కసారిగా కొనుగోళ్లకు ఎగబడటం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఏటా చూస్తున్నదే.

కొనడం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. కణంలో ఒక ప్రొటీన్ పెరిగిందా తగ్గిందా తెలుసుకోవడానికి వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేస్తారు. దానికి ఆ ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కావాలి. అది 100 మైక్రోలీటర్ల సీసాలో వస్తుంది, అంటే సుమారు రెండు చుక్కలు. ధర ముప్పై, నలభై వేల రూపాయలు ఉండటం సర్వసాధారణం, అంటే ఒక జేఆర్‌ఎఫ్ నెల ఫెలోషిప్. విద్యార్థి ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) రాస్తారు, గైడ్, విభాగాధిపతి సంతకాలు చేస్తారు. ప్రభుత్వ కొనుగోలు పోర్టల్ జెమ్‌లో ఆ వస్తువు లేదని చూపించే పత్రం జత చేయాలి; కొటేషన్లు తెప్పించాలి, లేదా అది ఒకే కంపెనీ తయారు చేసే వస్తువని ధ్రువపత్రం ఇవ్వాలి. ఫైలు ఫైనాన్స్ సెక్షన్‌కు వెళ్లి, ప్రశ్నతో తిరిగొచ్చి, మళ్లీ వెళ్తుంది. ఆర్డరు చేతికి అందాక హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న డిస్ట్రిబ్యూటర్ దాన్ని విదేశం నుంచి మరికొన్ని ఆర్డర్లతో కలిపి తెప్పిస్తారు. కస్టమ్స్ దాటి, ఐస్ ప్యాకుల మధ్య సీసా ల్యాబుకు చేరాక అసలు పని మొదలవుతుంది. వెయ్యి రెట్లు పలచన చేస్తే బాగా పనిచేస్తుందా, రెండు వేల రెట్లా? ప్రొటీన్లు అంటుకున్న పలుచని మెంబ్రేన్‌ను అడ్డంకి పొరతో కప్పడానికి పాలపొడి చాలునా, సీరం ఆల్బుమిన్ వాడాలా? మనిషి కణాల్లో పనిచేసినది ఎలుక కణాల్లో పనిచేస్తుందా? ఇవన్నీ చూసుకునేసరికి సీసాలో సగం అయిపోతుంది. ఒక్కోసారి ఆ యాంటీబాడీ మన కణాల్లో అసలు పనిచేయదని తేలుతుంది. అప్పుడు కొత్త ఇండెంట్ రాయాలి. బయటివారికి ఇది ఆరు నెలల వృథాగా కనిపిస్తుంది. లోపలివారికి ఇది ఒక మామూలు సెమిస్టర్.

విధాన నిర్ణయాలు ఈ చిన్న సీసా దాకా వచ్చి తాకుతాయి. ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే శాస్త్ర పరికరాల మీద ఐదు శాతంగా ఉన్న రాయితీ జీఎస్టీని 2022 జులైలో తీసివేశారు. చాలా వస్తువులకు పన్ను 18 శాతానికి పెరిగింది. అప్పటికే మంజూరైన ప్రాజెక్టుల బడ్జెట్ మాత్రం పెరగలేదు. 2024 జులై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల దిగుమతి సుంకాన్ని 10 నుంచి 150 శాతానికి పెంచారు. ఆ పద్దు కింద ఇథనాల్ దిగుమతి చేసుకుని దుర్వినియోగం చేస్తున్నవారిని అడ్డుకోవడం ఉద్దేశం; శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక కొద్ది రోజుల్లోనే, సొంత ప్రయోగశాల వాడకానికే అన్న షరతుతో పాత రేటుకు తెచ్చారు. 2025 జూన్‌లో మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది: శాస్త్ర పరిశోధన కొనుగోళ్లలో కొటేషన్లు లేకుండా నేరుగా కొనగల పరిమితిని లక్ష నుంచి రెండు లక్షల రూపాయలకు, కొనుగోలు కమిటీ పరిమితిని 10 లక్షల నుంచి 25 లక్షలకు కేంద్రం పెంచింది, అంతర్జాతీయ టెండరుకు అనుమతించే అధికారాన్ని డైరెక్టర్లకు, వైస్ ఛాన్సలర్లకు ఇచ్చింది. పైన చెప్పిన యాంటీబాడీ లాంటి కొనుగోళ్లకు ఇది ఊరట. కాగితం మీది అధికారాన్ని కింది స్థాయి ఆడిట్ భయం మింగేయకుండా ఉంటేనే ఆ ఊరట విద్యార్థి దాకా చేరుతుంది.

పరికరాల సంగతి ఇంకా విచిత్రం. వాటిని కొనడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2000లో ప్రారంభించిన ఫిస్ట్ పథకం, తర్వాత వచ్చిన పర్స్, డీబీటీ వారి బిల్డర్ వంటివి ఎన్నో డిపార్ట్‌మెంట్లకు కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులు, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్లు, అణువుల బరువు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్లు సమకూర్చాయి. ప్రాస్పెక్టస్‌లో ఫొటోలతో కనిపించేవి ఇవే. వారంటీ ఉన్నన్నాళ్లు అన్నీ బాగానే నడుస్తాయి. ఆ తర్వాత వార్షిక నిర్వహణ ఒప్పందానికి ఏటా లక్షలు కావాలి, గ్రాంటు గడువు అప్పటికే ముగిసి ఉంటుంది. కాన్‌ఫోకల్‌లో ఒక లేజర్ పోతే ఒక రంగు కనిపించదు. రెండు ప్రొటీన్లు కణంలో ఒకేచోట ఉన్నాయో లేదో చూడటానికి రెండు రంగులు కావాలి కాబట్టి, సగం పనిచేసే మైక్రోస్కోపు ఆ విద్యార్థికి అసలు పనిచేయనట్టే లెక్క. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో శూన్యం చెడకుండా పంపులు రాత్రింబవళ్లు తిరగాలి. ఒకసారి ఆగితే మళ్లీ సరైన స్థితికి రావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. వీటిని నడిపే టెక్నికల్ ఆఫీసరు ప్రాజెక్టు పోస్టులో ఉంటే ప్రాజెక్టుతో పాటే వెళ్లిపోతారు. అప్పుడు ఒక సీనియర్ స్కాలర్ ఆ బాధ్యత మోస్తారు, వారు థీసిస్ ఇచ్చి వెళ్లిపోయిన రోజున ఆ పరికరం గురించిన జ్ఞానమంతా వెళ్లిపోతుంది. కోటి రూపాయల యంత్రం కన్నా దాన్ని పదేళ్లు అంటిపెట్టుకుని ఉండే శాశ్వత ఉద్యోగి ఒక డిపార్ట్‌మెంటుకు ఎక్కువ విలువైన వనరు అని నా అభిప్రాయం. గ్రాంట్ల దరఖాస్తుల్లో మాత్రం ఆ మనిషికి గడి చిన్నది, యంత్రానికి గడి పెద్దది.

ఫొటోలలో చోటు దక్కని ఒక పరికరాన్ని చూడండి: మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్. ప్రొటీన్ నమూనాలు, ఆర్‌ఎన్‌ఏ, బ్యాక్టీరియా స్టాకులు, రోగుల రక్తం నుంచి వేరు చేసిన ప్లాస్మా అన్నీ అందులోనే ఉంటాయి. ఐదేళ్ల పని మొత్తం ఒక్కోసారి రెండు అరల్లో ఇమిడి ఉంటుంది. పాత తరహా ఫ్రీజర్ రోజుకు 15 నుంచి 20 యూనిట్ల కరెంటు తాగుతుంది, లోపలి వేడినంతా గదిలోకి తోస్తుంది; కాబట్టి ఆ గదికి ఏసీ కూడా రాత్రింబవళ్లు నడవాలి. మే నెలలో హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఏసీ ఆగితే కంప్రెసర్ మీద భారం పెరిగి, చివరికి ఫ్రీజరే ఆగిపోతుంది. కరెంటు పోయిన నిమిషంలోనే జనరేటర్ అందుకునే ఏర్పాటు, లోపలి ఉష్ణోగ్రత పెరిగితే ఎవరో ఒకరి ఫోనుకు మెసేజ్ పంపే అలారం, ఖాళీగా సిద్ధంగా ఉంచిన ఇంకో ఫ్రీజర్ ఉన్నాయా లేదా అన్నది ఒక డిపార్ట్‌మెంటు పరిశోధనను ఎంత పట్టించుకుంటుందో చెప్పే నికరమైన ఆనవాలు. కణాలను ఏళ్ల తరబడి నిల్వ చేయడానికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ కావాలి. దాన్ని క్రమం తప్పకుండా నింపే బాధ్యత ఎవరిదో తేలని చోట కణాలు చచ్చిపోతాయి.

ప్రతి డిపార్ట్‌మెంటుకూ అన్నీ కొనివ్వడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. అందుకే ఉమ్మడి సౌకర్యాలు వచ్చాయి. దేశంలో పలుచోట్ల ఉన్న, ఖరీదైన పరికరాలను అందరికీ అందించే సైఫ్ కేంద్రాలు, ఉస్మానియాలోని కేంద్రీయ పరిశోధన సౌకర్యాల విభాగం వంటివి ఈ కోవలోవే. 2020 జనవరిలో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసుకుని, ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. రసాయన శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. పొడిని సీసాలో పెట్టి కొరియర్ చేస్తే అణువు నిర్మాణం చెప్పే ఎన్‌ఎంఆర్ ఫలితం మెయిల్‌లో వస్తుంది. జీవకణాలు అలా ప్రయాణించలేవు. అనంతపురంలో పెంచిన కణాలను బతికి ఉండగానే ఫ్లో సైటోమీటర్‌లో చూడాలంటే ఆ పరికరం కొద్ది గంటల దూరంలో ఉండాలి. జన్యుక్రమ నిర్ధారణకు మాత్రం దూరం అడ్డు కాదు, డీఎన్‌ఏ మంచు పెట్టెలో ఎక్కడికైనా వెళ్తుంది; ఇవాళ చాలా ల్యాబులు ఆ పనిని ప్రైవేటు కంపెనీలకే ఇస్తున్నాయి. హైదరాబాద్ విద్యార్థులకు ఉన్న అసలైన మేలు ఈ దూరం లెక్కలోనే ఉంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయపు లైఫ్ సైన్సెస్ స్కూలు, అక్కడే టొమాటో జన్యు వనరుల భాండాగారం ఒకే నగరంలో ఉన్నాయి. వీటిలో ఒక గైడ్‌కు ఇంకో చోట స్నేహితులు ఉంటే ఐస్ బాక్సు పట్టుకుని మధ్యాహ్నానికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఏ పోర్టల్‌లోనూ నమోదు కాని సౌకర్యం ఇది.

పరికరం, డబ్బు, మనిషి అన్నీ ఉన్నా అనుమతి లేకుండా మొదలుపెట్టలేని పనులు జీవశాస్త్రంలో చాలా ఉన్నాయి. పునఃసంయోజిత డీఎన్‌ఏతో (వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి అతికించిన డీఎన్‌ఏతో) చేసే పనికి పర్యావరణ పరిరక్షణ చట్టం కింది 1989 నాటి నియమాల ప్రకారం సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, ప్రమాద స్థాయిని బట్టి విషయం డీబీటీలోని సమీక్ష కమిటీ దాకా వెళ్తుంది. ఎలుకల మీద పనికి జంతు నైతికత కమిటీ ఆమోదం కావాలి, ఆ జంతుశాల కేంద్ర కమిటీ వద్ద రిజిస్టర్ అయి ఉండాలి. రోగుల నమూనాలకు మానవ నైతికత కమిటీ, రేడియోధార్మిక ఫాస్ఫరస్ వాడకానికి అణుశక్తి నియంత్రణ మండలి, అడవిలో కప్పలను పట్టుకోవాలంటే అటవీ శాఖ అనుమతులు కావాలి. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుందనుకుందాం. ఒక్క వివరణ అడిగినా ఆరు నెలలవుతుంది. ఈ అనుమతులు అనవసరమని నేను అనడం లేదు. పీహెచ్‌డీ గడియారం రిజిస్ట్రేషన్ రోజు నుంచే నడుస్తుంటే ప్రయోగం అనుమతి వచ్చాక మొదలవుతుందన్న సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి.

జీవుల సొంత గడియారం వీటికి అదనం. ఎలుక గర్భధారణ మూడు వారాలే అయినా, ఒక జన్యువు రెండు ప్రతులూ లోపించిన ఎలుకలు సరిపడా చేతికి రావడానికి కనీసం రెండు తరాలు పెంచాలి, అంటే అరేడాది పైమాటే. వరి మీద పనిచేసేవారికి ఒక తరం అంటే ఒక పంట కాలం. సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి వరి పరిశోధన సంస్థ రూపొందించిన కమల రకాన్ని 2025 మేలో ప్రకటించినప్పుడు పత్రికల్లో అది ఒక్క రోజు వార్త. దాని వెనుక ఉన్నవి ఎన్నో పంట కాలాలు. మూడేళ్ల ప్రాజెక్టులో ఇలాంటి జీవితో పని పెట్టుకున్న విద్యార్థి ఒక ఏడాది తప్పు పోతే తిరిగి సర్దుకోలేరు.

వీటన్నిటినీ చూసి కంప్యూటర్ మీద చేసే జీవశాస్త్రం వైపు తిరుగుతున్నవారు పెరుగుతున్నారు. డేటా బహిరంగంగా దొరుకుతుంది. ఫరీదాబాద్‌లో 2022లో అంకితమిచ్చిన భారత జీవశాస్త్ర డేటా కేంద్రం ఇక్కడి జన్యు సమాచారాన్ని భద్రపరుస్తోంది. 2025 జనవరిలో మొదలైన ఒకే దేశం ఒకే చందా పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందుబాటులోకి రావడం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు నిజమైన లాభం. పేపర్ కోసం సెంట్రల్ యూనివర్సిటీలో చదివే స్నేహితునికి మెసేజ్ పెట్టే అవసరం చాలావరకు తప్పింది. కానీ ప్రయోగం చేయలేకపోవడం వల్ల మాత్రమే కంప్యూటర్ వైపు వెళ్తే అక్కడా గట్టి గణాంక శిక్షణ, లినక్స్, ప్రోగ్రామింగ్, సర్వర్ కావాలి. ఇవి కూడా సౌకర్యాలే, వీటికి కూడా నేర్పే గైడ్ ఉండాలి. ఉన్న సామగ్రికి తగ్గ ప్రశ్న ఎంచుకోవడం ఇంకో దారి, దాన్ని చిన్నతనంగా చూడనక్కర్లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ అంచనా పద్ధతికి కావలసినవి కొన్ని రసాయన కారకాలు, రంగు గాఢతను పోల్చే ఒక కలరీమీటరు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు గుర్తించింది ఆ కొలతలతోనే. మన ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఆ పద్ధతిని ఇప్పటికీ చేయిస్తారు.

పరిశోధన సంస్థా, యూనివర్సిటీయా అన్న పాత చర్చను కూడా ఈ వెలుగులోనే చూడాలి. సీసీఎంబీ వంటి సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలల్లో చేరినవారికి డిగ్రీ పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఏసీఎస్‌ఐఆర్ అకాడమీ ఇస్తుంది. పరికరాలు, నడిపే సిబ్బంది, కరెంటు అక్కడ సంస్థ బాధ్యత. పాఠాలు చెప్పే అనుభవం, ఇతర శాఖలవారితో కలిసి తిరిగే వాతావరణం యూనివర్సిటీలో ఎక్కువ, రేపు అధ్యాపకులు కావాలనుకునేవారికి వాటి విలువ తక్కువేమీ కాదు. రెండింటి మధ్య దారి కూడా ఉంది: యూనివర్సిటీలో రిజిస్టర్ అయి, బయటి సంస్థ శాస్త్రవేత్తను కో-గైడ్‌గా పెట్టుకోవడాన్ని యూజీసీ నిబంధనలు అనుమతిస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థికి ఇది అన్నిటికన్నా ఆచరణీయమైన దారి అని నాకు అనిపిస్తుంది.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొంచెం మొరటుగా ఉన్నా సూటిగా ఉండాలి. గైడ్ ప్రస్తుత ప్రాజెక్టు ఏ నెలలో ముగుస్తుంది, తర్వాతిది మంజూరైందా, దరఖాస్తు దశలోనే ఉందా? నేను చేయబోయే పనికి నైతికత కమిటీ అనుమతి ఇప్పటికే ఉందా? నాకు కావలసిన పరికరాన్ని గత నెలలో ఎవరెవరు వాడారు, వాడకం రిజిస్టరు చూడవచ్చా? ఈ ల్యాబులో ఇంతకుముందు పీహెచ్‌డీ చేసినవారు ఎన్నేళ్లలో ముగించారు, ఐదేళ్లు దాటాక వారికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? చివరి ప్రశ్నను గైడ్‌ను కాక సీనియర్ స్కాలర్లను క్యాంటీన్‌లో అడగడం మేలు. కో-గైడ్ ఏర్పాటు ఉంటే నమూనాల ఖర్చు ఎవరిది, పేపర్లో పేర్ల వరుస ఏమిటి, ఏడాదిలో ఎన్ని నెలలు అక్కడ ఉండాలి అన్నది రెండు సంస్థల మధ్య ఒప్పందంగా రిజిస్ట్రేషన్ సమయంలోనే రాయించుకోవాలి. నాలుగో ఏట ఆ ఒప్పందం కోసం రెండు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తే, ఆ తిరిగే నెలలు కూడా ఐదేళ్ల ఫెలోషిప్‌లోంచే పోతాయి.